చలికాలం, సైకిల్ చక్రం, ఉప్పు కాగితం

గాలి కొడుతుంటే ఢామ్మని పేలింది. ట్యూబు పోయిందనుకున్నా. పంచర్ షాపు చాచా పంపు పక్కన పెట్టి చక్రాన్ని మెల్లగా తిప్పాడు. రిమ్ము అంచు జానెడు మేర రేకులా విచ్చుకుని బయటికి వంగి ఉంది. ఆ సందులోంచి ట్యూబు ముక్క వేలాడుతోంది.

"గోరు వెట్టి చూడు బేటా" అన్నాడు.

పగలని చోట, బ్రేకు రబ్బరు ఆనే గోడ మీద పైనుంచి కిందికి గోరుతో గీశాను. చదునుగా ఉండాల్సిన చోట గోరు గుంటలో పడి లేచింది. బావి గిలక మీద ఏళ్ల తరబడి తాడు రాసుకుంటే పడే గాడి లాంటిది.

"గాలి ఎక్కువై పోలే ఇది. అరిగి అరిగి పోయింది. మూడు చలికాలాలు తొక్కినవ్ గదా."

చలికాలమే అని ఎందుకన్నాడో అప్పుడు అర్థం కాలేదు. మునుగోడు రోడ్డు మీదుగా రోజూ నల్లగొండకు తొమ్మిది కిలోమీటర్లు పోతాను, సాయంత్రం తొమ్మిది కిలోమీటర్లు తిరిగి వస్తాను. వానాకాలంలో బురద, ఎండాకాలంలో నిప్పులు. హాయిగా తొక్కేది ఆ నాలుగు నెలలే. ఆ కాలంలో చక్రం అరగడమేంటి? పైగా మొదటి చలికాలం నుంచీ నేను ఫోన్‌లో చదివిన సలహాలన్నీ పాటిస్తూనే ఉన్నాను. ఇంటికి రాగానే చక్రాలు నీళ్లతో కడగాలి, నూనె రాయాలి, అదీ ఇదీ.

తీరా చూస్తే ఆ సలహాలు మనకోసం రాసినవి కావు.

చలిదేశాల్లో సైకిల్ చక్రానికి అసలు శత్రువు ఉప్పు. రోడ్డు మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. మామూలు నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడితే, ఉప్పునీళ్లు అంతకన్నా బాగా కిందికి పోతే గానీ గట్టిపడవు. రోడ్డు బాగుంటుంది గానీ, ఆ ఉప్పునీళ్లు చక్రమంతా చిమ్ముతాయి. ఉప్పునీళ్లలో కరెంటు సులువుగా పారుతుంది కాబట్టి తుప్పు పని వేగంగా సాగుతుంది. అల్యూమినియం రిమ్ము, స్టీలు పుల్ల (స్పోకు), దాన్ని రిమ్ముకు బిగించే చిన్న ఇత్తడి నట్టు, అదే నిపిల్, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నచోట ఉప్పునీళ్లు చేరితే అది చిన్న బ్యాటరీయే. అందులో ముందు కరిగేది అల్యూమినియం. అందుకని అక్కడివాళ్లు ఇల్లు చేరగానే మంచినీళ్లతో ఉప్పు కడిగేసుకుంటారు. కొందరైతే చలికాలానికి వేరే చక్రాల జతే పెట్టుకుంటారు. అక్కడికి అది సరైన పని.

మన దగ్గర ఉప్పు లేదు. ఉన్నది ఉప్పు కాగితం. వడ్రంగి చెక్క మీద రుద్దే ఆ కాగితానికి పేరులో తప్ప ఇంకెక్కడా ఉప్పు ఉండదు, గరుకు రాతిపొడి ఉంటుంది. నల్లగొండ, పాలమూరు చలికాలంలో మన బ్రేకు రబ్బర్లు అచ్చంగా అదే అవుతాయి.

ఎలాగో చెప్పాలంటే నేల దగ్గర మొదలుపెట్టాలి. దేవరకొండ దిక్కు పోయినా, దేవరకద్ర దిక్కు పోయినా కనిపించేవి గుండ్ల గుట్టలే. కింద ఉన్నది గ్రానైటు జాతి రాయి. అది యుగాల తరబడి చితికితే మిగిలింది మన ఎర్ర చెల్క. గ్రానైటులో మిగతా ఖనిజాలు మెల్లగా మట్టిగా మారతాయి, పలుగురాయి మాత్రం మారదు, రవ్వలు రవ్వలుగా అలాగే మిగిలిపోతుంది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలులో వజ్రం 10, పలుగురాయి 7. అల్యూమినియం 3 కూడా రాదు. మామూలు స్టీలు 4, 5 మధ్య ఉంటుంది. అంటే మన దారి దుమ్ములో చిన్న రవ్వ కూడా రిమ్మును గీయగలదు, రిమ్ము దాన్ని ఏమీ చేయలేదు.

ఇది ఎప్పుడూ ఉన్న దుమ్మే. దీనికి ఇప్పుడు రోబో సాండ్ తోడైంది. వాగు ఇసుక నీళ్లలో దొర్లి దొర్లి గుండ్రంగా అవుతుంది. క్రషర్‌లో పగలగొట్టిన రాతి ఇసుకకు కొత్త కోణాలుంటాయి, పగిలిన గాజుపెంకులా. టిప్పర్ల నుంచి అది ఎక్కడ ఒలుకుతుందో ఎప్పుడైనా గమనించారా? మలుపుల దగ్గర, స్పీడ్ బ్రేకర్ల దగ్గర. అంటే సరిగ్గా మనం బ్రేకు వేసే చోట.

మిర్యాలగూడ వైపు వాళ్లకు ఇంకొకటి ఉంది. బాయిల్డ్ రైస్ మిల్లుల్లో వరి పొట్టు కాలుస్తారు. వరి పొట్టులో సిలికా ఎక్కువ. కాలాక మిగిలే బూడిదలో నూటికి ఎనభై పాళ్లకు పైగా సిలికాయే. అది పలుగురాయంత గట్టిది కాకపోయినా అల్యూమినియాన్ని గీయడానికి చాలు. చేత్తో ముట్టుకుంటే మెత్తగా పౌడర్‌లా ఉంటుంది, నమ్మబుద్ధి కాదు.

సరే, దుమ్ము ఏడాది పొడుగునా ఉంటుంది కదా, చలికాలమే ఎందుకు? నిజం చెప్పాలంటే ఒక్క రోజు లెక్క తీస్తే వానలో తొక్కినప్పుడే అరుగుదల ఎక్కువ. కానీ వానలో తడిస్తే బండి సంగతి అందరికీ గుర్తొస్తుంది, బురద కళ్ల ముందే ఉంటుంది, తుడుస్తాం. ఎండాకాలం దుమ్ము పొడిగా ఉంటుంది, రిమ్ము మీద పడుతుంది, రాలిపోతుంది. చలికాలంలో ఉండేది ఈ రెండింటికీ మధ్య సంగతి. దుమ్మును కడిగేసేంత నీళ్లుండవు, అంటించేంత తడి మాత్రం ఉంటుంది.

ఆ తడి మంచుది. రాత్రి ఆరుబయట నిలబెట్టిన సైకిల్ తన వేడిని ఆకాశంలోకి వదిలేసుకుంటూ చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది. చల్లటి చెంబు మీద నీటి చుక్కలు పట్టినట్టు రిమ్ము మీద మంచు పడుతుంది. పొద్దున ఆరింటికి బయల్దేరితే ఆ తడి రిమ్ముకు రోడ్డు దుమ్ము అంటుకుంటుంది. పది నిమిషాల్లో అది పలుచని ముద్ద. అదే సమయానికి ఊళ్లలో వానాకాలం వరి కోతలు అయిపోయి, యాసంగి నాట్ల కోసం పొలాలు బురద దున్నుతుంటారు. ట్రాక్టర్లు పొలంలోంచి రోడ్డెక్కిన ప్రతిచోటా ఇరవై ముప్పై గజాల మట్టి గీతలు. తొమ్మిది కిలోమీటర్లలో నేను అలాంటివి ఏడెనిమిది లెక్కపెట్టిన రోజులున్నాయి.

ఇక బ్రేకు వేస్తే ఏమవుతుంది? రబ్బరు మెత్తనిది, రిమ్ము గట్టిది, కాబట్టి రబ్బరే అరుగుతుందని అనుకుంటాం. కానీ మెత్తనిదానికి ఒక గుణముంది. రవ్వను తనలోకి దిగనిస్తుంది, పట్టుకుంటుంది, వదలదు. కాగితానికి జిగురు ఎలాగో, రవ్వకు రబ్బరు అలాగ. అలా పట్టుకున్న రవ్వ ప్రతి బ్రేకుకూ రిమ్ము మీద గీత పెడుతుంది. గీతలోంచి లేచిన అల్యూమినియం తునక మళ్లీ రబ్బరులోనే గుచ్చుకుంటుంది. పాత బ్రేకు రబ్బర్లు విప్పి ఎండలో తిప్పి చూడండి, నల్లటి రబ్బరులో చిన్న చిన్న తళుకులు కనబడతాయి. అవి రాళ్లు కావు, మీ రిమ్ము ముక్కలు. నావి విప్పి చూసినప్పుడు ఒక్క రబ్బరులోనే పదకొండున్నాయి, ఒకటి మిరప గింజంత.

కొత్త అల్యూమినియం రిమ్ము పక్క గోడ దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఒక మిల్లీమీటరుకు దిగిందంటే ఇక దాన్ని నమ్మడానికి లేదు. లోపల గాలి ఆ గోడల్ని ఇరవై నాలుగు గంటలూ బయటికి నెడుతూనే ఉంటుంది మరి. చాలా రిమ్ముల మీద కంపెనీవాళ్లే చుట్టూ సన్నటి గాడి గానీ, చిన్న చుక్కలాంటి గుంట గానీ పెడతారు. అది అరిగి మాయమైతే రిమ్ము మార్చాలని గుర్తు. నా రిమ్ము మీదా ఉండేదట. ఆ గాడిలో దుమ్ము చేరుతోందని నేను శ్రద్ధగా తుడిచిన రోజులు గుర్తున్నాయి. అది కనబడకుండా పోయినప్పుడు మాత్రం గమనించలేదు. గుర్తు లేని రిమ్మయితే చాచా చెప్పినట్టు గోరు పెట్టి చూడడమే. గోడ లోపలికి గిన్నెలా గుంట పడిందంటే సంగతి ముదిరినట్టే.

పాతకాలం నల్ల సైకిళ్ల వాళ్లు ఈ పాటికి నవ్వుకుంటూ ఉంటారు. పాలవాళ్లు, పేపరు వేసేవాళ్లు ఇప్పటికీ తొక్కే 28 అంగుళాల బండ్లకు ఉండేది స్టీలు రిమ్ము, పైన క్రోమియం పూత. క్రోమియం పలుగురాయి కన్నా గట్టిది. వాటి రాడ్ బ్రేకు కూడా రిమ్ము పక్కన కాకుండా లోపలి వైపు, పుల్లలుండే దిక్కు నుంచి ఆనుతుంది. అరిగి గోడ విచ్చుకోవడమనేది వాటికి దాదాపు ఉండదు. వాటి బాధలు వేరు. ఆ క్రోమియం పూత మైక్రాన్‌లో కొంత భాగం మాత్రమే, దాని కింద నికెల్, దాని కింద స్టీలు. ఎక్కడో ఒక గీత పడి లోపలికి తడి పోయిందంటే తుప్పు అడుగు నుంచి పొక్కులా లేస్తుంది. నిపిల్ రంధ్రాల దగ్గర మొదట గోధుమరంగు వలయం కనబడుతుంది. అప్పటికే లోపల పని నడుస్తోందన్నమాట. ఇంకో బాధ మరీ ముఖ్యం: తడిసిన క్రోమ్ రిమ్ము మీద బ్రేకు పట్టదు. మంచు పడ్డ పొద్దున ఇంటి ముందరి వాలు దిగుతూ బ్రేకు నొక్కితే బండి ఆగదు. బయల్దేరే ముందే పొడిగుడ్డ తిప్పడం తుప్పు కోసం కాదు, మోకాళ్ల కోసం.

డిస్క్ బ్రేకుల సైకిల్ ఉన్నవాళ్లకు ఈ గొడవ సగం తప్పింది. అరిగేది పళ్లెం, రిమ్ము కాదు.

ఇప్పుడు పుల్లల సంగతి. ఇక్కడే నేను చేసిన పెద్ద తప్పుంది. వారానికి రెండుసార్లు బోరునీళ్ల పైపు పెట్టి చక్రాలు కడిగేవాణ్ని. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ రిమ్ముకు తేడా చేసేది అది కాదు, ఆ నీళ్లలో కరిగి ఉన్న మిగతా లవణాలు. నీళ్లు ఆరిపోతాయి, అవి తెల్ల మరకలుగా నిపిల్ చుట్టూ, రిమ్ము లోపల నిలిచిపోతాయి. మళ్లీ మంచు పడితే మళ్లీ కరుగుతాయి. అంటే రోడ్డు మీద లేని ఉప్పును నేనే తెచ్చి పోస్తున్నాను! పైగా గాలి పిన్ను రంధ్రం దగ్గర లోపలికి పోయిన నీళ్లు సులువుగా బయటికి రావు.

నిపిల్ తుప్పు పట్టి బిగుసుకుంటే చక్రం బెండు తీయడం కుదరదు. కీ పెట్టి తిప్పితే నిపిల్ తిరగదు, పుల్ల మెలితిరిగి విరుగుతుంది. బెండు తీయని చక్రంలో కొన్ని పుల్లలు వదులైపోతాయి. వదులు పుల్లే ముందు విరుగుతుంది, బిగువుది కాదు. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ కారణముంది. చక్రం నేలను తాకే చోట ఉన్న పుల్లల బిగువు ప్రతి చుట్టుకూ కాస్త తగ్గి మళ్లీ పెరుగుతుంది. బిగువు సరిపడా ఉంటే ఆ తగ్గడం దానికి లెక్కలోది కాదు. వదులుగా ఉంటే ప్రతి చుట్టుకూ పూర్తిగా సడలి, మళ్లీ ఒక్క గుంజు గుంజుకుంటుంది. తీగను అటూ ఇటూ వంచి తుంచినట్టే, చక్రం నడిమి హబ్బు దగ్గర వంపులో అలిసి తెగుతుంది. 28 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకు సుమారు 2.2 మీటర్లు పోతుంది. నా పద్దెనిమిది కిలోమీటర్లకు రోజూ ఎనిమిది వేల చుట్లు. ఒక్కో పుల్ల రోజుకు ఎనిమిది వేల సార్లు ఆ పని చేస్తుంది. నల్ల సైకిళ్లకు ముందు 32, వెనక 40 పుల్లలు పెట్టడంలో మర్మం ఇదే, వెనకే బరువు, వెనకే బియ్యం బస్తా.

పుల్లల బిగువు తెలుసుకోవడానికి పరికరమేమీ అక్కర్లేదు. పక్కపక్క పుల్లల్ని రెండు వేళ్లతో జతలు జతలుగా నొక్కుతూ పోతే మెత్తగా వంగేది తెలిసిపోతుంది. లేదా గోటితో మీటండి. అన్నీ ఇంచుమించు ఒకే స్వరం పలకాలి, మధ్యలో ఒకటి 'డబ్' మంటే అదే.

నీళ్లు మానేశాక ఇప్పుడు నేను చేసేది చాలా తక్కువ పని. రాత్రి సైకిల్ వరండాలోకి వస్తుంది. వరండా లేకపోతే రేకుల చూరు కిందైనా, చింతచెట్టు కిందైనా నయమే, ఆకాశానికి ఎదురుగా లేకపోతే మంచు చాలా తక్కువ పడుతుంది. పొద్దున పాత బనియన్ గుడ్డతో రెండు రిమ్ములూ ఒక్కో చుట్టు. గుడ్డ మీద నల్లటి మరక వస్తే అది మురికి మాత్రమే కాదు, అందులో రబ్బరు, అల్యూమినియం పొడి కూడా ఉంటాయి. ఆదివారం బ్రేకు రబ్బర్లు విప్పి పిన్నీసు మొనతో రవ్వలు ఏరేస్తాను. ఆ తర్వాత రబ్బరు పైపొరను నాలుగు రుద్దులు రుద్దుతాను, దేంతో అంటే ఉప్పు కాగితంతోనే. నవ్వొచ్చినా సరే, గట్టిపడి మెరుస్తున్న పొర పోయి కొత్త రబ్బరు బయటికొస్తుంది, బ్రేకు కూడా బాగా పడుతుంది. రుద్దాక పొడి దులపడం మరిచిపోవద్దు.

నూనె విషయంలో మనవాళ్లకు చెయ్యి పెద్దది. చలికాలం వచ్చిందంటే చక్రమంతా నూనె గుడ్డతో తుడిచేవాళ్లున్నారు. రిమ్ము బ్రేకున్న బండికి అది ప్రమాదం, బ్రేకు జారుతుంది. పుల్లలకు రాస్తే ఆ జిడ్డుకు దుమ్ము పట్టి ఇంకో ముద్ద తయారవుతుంది. నూనె కావాల్సింది పుల్ల నిపిల్‌లోకి దిగే సందులో మాత్రమే. ఏడాదికి ఒకట్రెండు సార్లు, పుల్లకొక చుక్క, పైకి కారింది వెంటనే తుడిచేయాలి.

ముందు మడ్‌గార్డుకు లారీ ట్యూబు ముక్కతో ఒక తోక వేలాడదీయించాను. వెనక చక్రం తినే దుమ్ములో చాలా భాగం ముందు చక్రం విసిరిందే. నా వెనక రిమ్మే మొదట పోవడానికి అదొక కారణం. ఇంకో కారణం, ముందు బ్రేకు వేస్తే బోర్లా పడతామన్న చిన్నప్పటి భయంతో అన్ని పనులూ వెనక బ్రేకుకే అప్పగించడం. ఆపే శక్తి ఎక్కువగా ఉండేది ముందు దాంట్లోనే. రెండూ కలిపి మెల్లగా పట్టడం నేర్చుకున్నాను, ఆలస్యంగా.

గాలి సంగతి త్వరగా చెప్పేస్తాను. డిసెంబర్, జనవరిలో మన దగ్గర పొద్దున పదిహేను డిగ్రీల దరిదాపుకు దిగుతుంది, కొన్నాళ్లు అంతకన్నా కిందికి కూడా. మధ్యాహ్నం ముప్పై డిగ్రీల్లో 50 పాయింట్లు కొట్టించిన టైరు పొద్దునకు 47 దగ్గర ఉంటుంది. ఆ మూడు పాయింట్లు పెద్ద లెక్క కాదు. అసలు లెక్క ట్యూబు రబ్బరు గుండా రోజూ కొంచెం కొంచెం పోయే గాలిది. 'చల్లగానే ఉంది కదా, మళ్లీ కొట్టించడం ఎందుకు' అనుకుంటూ రెండు మూడు వారాలు వదిలేస్తే టైరు పక్కలు చిట్లుతాయి, స్పీడ్ బ్రేకర్ మీద రిమ్ము నేరుగా దెబ్బ తింటుంది, ట్యూబుకు పాము కాటులా జంట రంధ్రాలు పడతాయి. పదిహేను డిగ్రీల చలికి మాత్రం టైరు రబ్బరుకేమీ కాదు. దాన్ని తినేది మే నెల ఎండ.

పంచర్లు ఈ కాలంలో ఎక్కువన్నది నిజమే, దానికి కారణం పల్లేరు కాయలు. వానల్లో పాకిన తీగ ఈ పాటికి ఎండిపోయి కాయలు రోడ్డు అంచుకు చేరతాయి. ఎటు పడినా ఒక ముల్లు పైకే చూస్తుంటుంది. సర్కారు తుమ్మ కొట్టి కుప్ప వేసిన చోట కూడా ఇదే పరిస్థితి. రోడ్డు దిగకండి, అంతే.

చివరగా హబ్బు. కోసిన వరి రోడ్డు మీద ఆరబోసిన చోట్ల పక్కనుంచి పోతుంటే గడ్డిపోచలు ఇరుసుకు చుట్టుకుంటాయి. గడ్డి గ్రీజును పీల్చేస్తుంది, దుమ్మును లోపలికి లాగుతుంది. దుమ్ము కలిసిన గ్రీజు బేరింగు గోలీలకూ, అవి ఆనుకుని తిరిగే కోన్‌కూ మధ్య అరగదీసే ముద్దలా పనిచేస్తుంది. చక్రం పైకెత్తి తిప్పి, ఫ్రేము మీద చెయ్యి ఆనించండి. లోపల ఇసుక నలుగుతున్నట్టు వణుకు తెలిస్తే ఓవరాలింగ్‌కు ఇవ్వాల్సిందే. సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెషర్ గన్‌తో హబ్బు మీదికి నీళ్లు కొట్టించడం మాత్రం వద్దు, గ్రీజు పోయి ఆ చోట్లో నీళ్లు కూర్చుంటాయి.

ఓవరాలింగ్ ఎప్పుడు చేయించాలంటే చాచా ఒకటే చెబుతాడు, సంక్రాంతి పోయాక. అంతకు ముందు చేయించినా దండగే అంటాడు, పతంగుల మాంజా వల్ల. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది గానీ జనవరిలో మన వీధుల్లో అది తెగి పడి ఉంటూనే ఉంది. చక్రం దాన్ని చుట్టుకుంటూ పోయి కోన్ సందులోకి లాక్కుంటుంది. దారానికి పూసిన గాజుపొడి మొత్తం గోలీల దగ్గర చేరుతుంది. పైకి చూస్తే ఏమీ కనబడదు, చక్రం కాస్త బరువైనట్టు అనిపిస్తుంది, అంతే. చాచా బ్లేడు మొనతో తీసి, షాపు గోడ మీది మేకుకు తగిలిస్తాడు. నెలాఖరుకు ఆ మేకు కనబడదు, రంగురంగుల దారం కట్ట ఒకటే కనబడుతుంది. ఈసారి నా కొత్త వెనక చక్రంలోంచి తీసింది గులాబీ రంగుది, మూరకు పైనే ఉంది.